కుండీలో టమాటా సేద్యం

ఉద్దేశం

నగరజీవనంలో మట్టితో మనిషికి గల సంబంధం నానాటికీ సన్నగిల్లుతున్నది. కంచంలోకి వచ్చిన కూర ఎన్ని ఎండలు కాచిందో, ఎన్ని చేతులు మారిందో తెలియని తరం పెరుగుతున్నది. ఇంటి మిద్దెమీదనో, వసారాలోనో కుండీలో టమాటా మొక్కను పెంచే విధానాన్ని శాస్త్రీయంగా వివరించడం, ఆ పని ద్వారా సేద్యంలోని సాధకబాధకాలను విద్యార్థులకు ఎరుకపరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒకప్పుడు తెలుగువారి ఇల్లంటే పెరడుతో కూడినది. నూతి గట్టున కరివేప, వంటింటి నీరు పారే చోట అరటి, గోడవారగా మునగ, పందిరిమీద బీర, పాకమీద ఆనపపాదు ఉండడం సర్వసామాన్యం. దాన్ని ఎవరూ సేద్యం అనలేదు. ఇల్లు గడుపుకోవడంలో అదొక భాగం. కొన్ని ప్రాంతాలలో పెరడు అని, మరికొన్ని ప్రాంతాలలో దొడ్డి అని పిలిచినా ఆ జాగా చేసిన మేలు ఒక్కటే. పొయ్యిమీద ఎసరు మరిగేలోపు నాలుగు కాయలు కోసుకొని రాగలిగిన స్వేచ్ఛను అది గృహిణికి ప్రసాదించింది.

నేడు పట్టణాలలో ఆ పెరడు కనుమరుగైంది. నేల ఖరీదైన కొద్దీ ఇళ్ళు ఆకాశంవైపు పెరిగాయి. అయినా సూర్యుడు మాత్రం మనల్ని విడిచిపెట్టలేదు. మిద్దెమీద రోజంతా కాసే ఎండ, వసారాలో వాలే ఉదయకిరణాలు వ్యర్థంగా పోతూనే ఉన్నాయి. ఆ ఎండను ఆహారంగా మార్చుకోవాలనే ఆలోచన నుంచే 'మిద్దెతోట' పుట్టింది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారు తమ ఇంటి మిద్దెమీదనే కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని గ్రంథస్థం చేసి ఈ మాటకు మంచి ప్రచారం కల్పించారు.

మిద్దెతోటకు శ్రీకారం చుట్టదలచినవారు ఏ మొక్కతో మొదలుపెట్టాలి? తోటకూర, మెంతికూర సులభమైనవే. అయితే అవి ఆకులకే పరిమితం. విత్తు మొలకెత్తడం, నారు కావడం, పూత, పిందె, కాయ, పండు, మళ్ళీ విత్తు అనే పరిణామాన్నంతటినీ నాలుగైదు నెలల్లో కళ్ళముందు నిలిపే మొక్క టమాటా. అందుకే తొలిపాఠానికి అది తగినది.

టమాటా పూర్వచరిత్ర

మన ప్రాచీన కావ్యాలలో భోజనవర్ణనలకు కొదవలేదు. శ్రీనాథుడు విందుభోజనాలను నోరూరేటట్లు వర్ణించాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో, విష్ణుచిత్తుడు ఋతువుకు తగినట్లు అతిథులకు వడ్డించిన వంటకాలను పేర్కొన్నాడు. ఆ విస్తళ్ళలో ఎంత వెదకినా టమాటా మాత్రం కనిపించదు. నేడు టమాటా లేని వంటిల్లు లేదనుకునే మనకు ఇది వింతగా తోస్తుంది. కాని కారణం సులభగ్రాహ్యమే. రాయలు రాజ్యం చేసిన 1509-1529 సంవత్సరాల నాటికి టమాటా మన దేశపు గడప తొక్కలేదు.

దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా పడమటి భాగంలోని ఆండీస్ పర్వతప్రాంతం. అక్కడి అడవి మొక్కలకు కాసేవి గోలీకాయలంతటి చిన్న పండ్లు. మెక్సికో ప్రాంతపు ప్రజలు వాటిని తరతరాలుగా సాగుచేసి పెద్ద పండ్లుగా తీర్చిదిద్దారు. వారి నహువాటల్ భాషలోని 'తొమాటల్' అనే మాటే స్పానిష్ భాషలో 'తొమాతె' అయి, మన నోట టమాటాగా స్థిరపడింది. 1521లో స్పెయిన్ దేశస్థులు మెక్సికో ప్రాంతాన్ని జయించిన తరువాత అది ఐరోపాకు చేరింది. అక్కడినుంచి పోర్చుగీసు వర్తకుల ఓడలలో మన తీరానికి వచ్చిందని చరిత్రకారుల అభిప్రాయం.

ఐరోపావారు తొలిరోజులలో దీనిని తినడానికి జంకారు. ఉమ్మెత్త, బెల్లడోనా వంటి విషపు మొక్కలు ఈ కుటుంబానికే చెందడం ఆ భయానికి కారణం. ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. టమాటా ఆకులలో, కాడలలో 'టొమాటిన్' అనే చేదు రసాయనం ఉంటుంది. వాటిని తినరాదు. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీనికి 'సొలానమ్ లైకోపెర్సికమ్' అని నామకరణం చేశాడు. అందులో రెండో మాటకు 'తోడేలు పీచుపండు' అని అర్థం. వంగ, మిరప, బంగాళాదుంప, పొగాకు దీనికి దాయాదులు. మన పెద్దలు కొందరు దీన్ని 'రామములగ' అన్నారు. ములక జాతి మొక్కలతో దీనికి గల పోలికను వారు శాస్త్రజ్ఞుల తోడు లేకుండానే పసిగట్టారన్నమాట. తమిళ సంపర్కం గల చిత్తూరు సీమలో 'తక్కాళి' అనే మాట వినిపిస్తుంది.

వృక్షశాస్త్రం ప్రకారం టమాటా పండే. అయినా 1893లో అమెరికా సుప్రీంకోర్టు, దిగుమతి సుంకం వివాదంలో తీర్పు చెబుతూ, జనవ్యవహారాన్ని బట్టి దీనిని కూరగాయగానే పరిగణించాలని నిర్ణయించింది. మన వంటింటి తీర్పు కూడా అదే.

కాలము, రకము

పంట పండించడంలో మొదటి మెలకువ కాలాన్ని గుర్తించడం. టమాటా ఎండను కోరుతుంది గాని వేడిమిని ఓర్వలేదు. పగటి ఉష్ణోగ్రత 21 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్నప్పుడు కాపు చక్కగా నిలుస్తుంది. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రులు చల్లబడకుండా ఉక్కపోసినా పుప్పొడి సత్తువ కోల్పోతుంది. పూత పిందె కట్టకుండానే రాలిపోతుంది. వేసవిలో మొక్క ఏపుగా ఉన్నా కాయ లేకపోవడానికి ఇదే కారణం. పండుకు ఎరుపునిచ్చే 'లైకోపీన్' అనే వర్ణద్రవ్యం సైతం అధికమైన వేడిలో సరిగా తయారు కాదు. అందువల్ల ఎండాకాలపు పండు పసుపు కలిసిన నారింజ వన్నెకు తిరుగుతుంది.

తెలుగునాట ఇంటి మిద్దెమీద పెంచేవారికి సెప్టెంబరు చివరినుంచి అక్టోబరు వరకు, అంటే హస్త, చిత్త కార్తెలలో, విత్తనం వేయడం ఉత్తమం. వానల ఉద్ధృతి తగ్గుతుంది. మొక్క ఎదిగి పూతకు వచ్చేసరికి శీతకాలం ప్రవేశిస్తుంది. సంక్రాంతి నాటికి కాయలు పండబారడం మొదలై, వేసవి ముదిరేలోపు కాపు ముగుస్తుంది.

రెండో మెలకువ రకాన్ని ఎన్నుకోవడం. టమాటాలో ప్రధానంగా రెండు తీరులున్నాయి. కొన్ని మొక్కలు నిర్ణీతమైన ఎత్తుకు పెరిగి, కొన చివర పూత వచ్చాక ఎదుగుదల ఆపేస్తాయి. వీటిని గుబురు రకాలనవచ్చు. తమిళనాడులోని పెరియకుళంలో రూపొందిన పి.కె.ఎం.-1 ఈ కోవకు చెందినది. మరికొన్ని తీగవలె సాగుతూ, పూస్తూ, కాస్తూనే ఉంటాయి. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా రూబీ ఈ తరహాది. స్థలం తక్కువైన వసారాకు గుబురు రకం అనువైనది. ఊతమిచ్చే వసతి గల మిద్దెకు తీగ రకమైనా ఇబ్బంది లేదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వెలువరించిన అర్క రక్షక్ అనే సంకర రకం ఆకుముడత, బాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు తెగులు అనే మూడింటినీ తట్టుకుంటుంది. చిన్నపిల్లలున్న ఇంట గుత్తులుగా కాసే చెర్రీ టమాటా ముచ్చట గొలుపుతుంది.

కుండీ, మట్టి

పొలంలోని మొక్కకు నేలతల్లి ఒడి అనంతం. దాహమైతే వేరు మరికొంత లోతుకు పోతుంది. కుండీలోని మొక్కకు ఆ అవకాశం లేదు. దానికి మనమిచ్చినదే లోకం. కాబట్టి కుండీ ఎంపికలో లోభం పనికిరాదు. ఒక్కొక్క టమాటా మొక్కకు కనీసం పన్నెండు అంగుళాల లోతు, అంతే వెడల్పు ఉండాలి. పదిహేను నుంచి ఇరవై లీటర్ల మట్టి పట్టే పాత్ర మేలు. రంగులు వచ్చే ఇరవై లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ బకెట్టును బాగా కడిగి వాడుకోవచ్చు. మట్టి కుండీ వేరుకు చల్లదనమిస్తుంది గాని తొందరగా ఆరిపోతుంది. గ్రోబ్యాగులు తేలికైనవి. ఏదైనా సరే, అడుగున నాలుగైదు రంధ్రాలుండడం అత్యవసరం. నీరు నిలిచిన చోట గాలి ఆడదు. గాలి ఆడని వేరు కుళ్ళిపోతుంది. రంధ్రంమీద ఒక పెంకుముక్క బోర్లిస్తే మట్టి జారదు. అడుగంతా గులకరాళ్ళు పరచడం పలువురికి అలవాటు. దానివల్ల వేరుకు దక్కే మట్టి తగ్గడమే గాని ప్రయోజనం లేదు.

ఇరవై లీటర్ల కుండీ తడిసినప్పుడు పాతిక కిలోల దాకా బరువు తూగవచ్చు. అందువల్ల మిద్దెమీద కుండీలను నడుమ గుంపుగా చేర్చక, గోడల వెంబడి, దూలాల పైన వచ్చేటట్లు అమర్చాలి. ఇటుకలమీదనో, ఇనుప పీటలమీదనో నిలిపితే కిందికి గాలి సాగి కప్పు చెమ్మగిల్లదు. పిట్టగోడమీద కుండీ నిలపడం ప్రమాదకరం. గాలివానకు అది కింద నడిచేవారి నెత్తిన పడవచ్చు.

కేవలం తోటమట్టితో కుండీ నింపితే నాలుగు తడులకే గట్టిపడి ఇటుకవలె తయారవుతుంది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, రెండు పాళ్ళు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి జోడిస్తే గుల్లగా ఉంటుంది. పచ్చిపేడ వేయరాదు. అది మాగేటప్పుడు పుట్టే వేడి లేతవేరును మాడుస్తుంది. చేతిలోకి తీసుకొని పిడికిలి బిగిస్తే ముద్దకట్టి, వేలితో తాకితే విడిపోయే మట్టి మంచి మట్టి అని గుర్తు.

నారు పోయడం, నాటడం

టమాటా విత్తనాన్ని నేరుగా పెద్ద కుండీలో వేయడం కన్నా, నారు పోసి నాటడం శ్రేయస్కరం. చిన్న గళ్ళ ప్రోట్రేలోనో, అడుగున చిల్లులు పెట్టిన కాగితపు కప్పులోనో వర్మికంపోస్టు, కొబ్బరి పొట్టు నింపి, అర సెంటీమీటరు లోతున విత్తు వేసి, చెమ్మ ఆరకుండా చూడాలి. ఐదు నుంచి ఎనిమిది రోజులలో మొలక తల ఎత్తుతుంది. అది మొదలు దానికి వెలుతురు కావాలి. నీడలో ఉంచిన మొలక వెలుగు వెదుక్కుంటూ సన్నగా సాగి వాలిపోతుంది. నీరెక్కువైతే మొదలు మెత్తబడి కూలిపోతుంది. దీన్నే నారుకుళ్ళు తెగులంటారు.

ఇరవై ఐదు నుంచి ముప్పై రోజులలో నాలుగైదు నిజపత్రాలు వేసిన నారు నాటడానికి సిద్ధమైనట్లు. నాటడానికి వారం ముందునుంచి రోజూ కొంతసేపు నేరుగా ఎండ తగలనిచ్చి, నీరు కాస్త తగ్గిస్తే మొక్క రాటుదేలుతుంది. నాటేవేళ సాయంకాలమై ఉండాలి. టమాటా కాండానికి ఒక విశేషముంది. మట్టిలో కూరుకున్న కాండం పొడవునా కొత్త వేళ్ళు పుడతాయి. కనుక అడుగు ఆకులు తుంచి, కాండాన్ని సగందాకా మట్టిలోకి దింపి నాటితే వేరువ్యవస్థ బలపడుతుంది. వంగ, మిరప వంటి దాయాదుల విషయంలో ఈ పద్ధతి ఇంతగా పనికిరాదు.

నాటిన రోజునే ఊతకర్ర పాతాలి. మొక్క పెరిగాక పాతితే వేళ్ళు తెగుతాయి. కాండాన్ని కర్రకు మెత్తని గుడ్డపీలికతో, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. తీగ రకాలలో ఆకుకు, కాండానికి నడుమ పుట్టే పక్కపిలకలను లేతగా ఉన్నప్పుడే గిల్లివేస్తే గాలి, వెలుతురు ధారాళంగా సోకుతాయి. గుబురు రకాలలో పిలకలను అతిగా గిల్లితే కాపు తగ్గుతుంది.

నీరు, పోషణ

అభిజ్ఞాన శాకుంతలంలో, ఆశ్రమంలోని మొక్కలకు నీరు పోయనిదే శకుంతల తాను నీరు ముట్టదని కాళిదాసు చెప్పాడు. కుండీలో మొక్క పెంచేవారు అలవరచుకోవలసిన నియమమిది. అయితే ప్రేమకొద్దీ అతిగా పోయడం కూడా అపచారమే. ఎదిగిన మొక్కకు వాతావరణాన్ని అనుసరించి రోజుకు ఒకటి నుంచి రెండు లీటర్ల నీరు అవసరమవుతుంది. లెక్క కన్నా వేలు నమ్మదగినది. రెండు అంగుళాల లోతుకు వేలు దించితే చెమ్మ తగిలిందా, ఆగవచ్చు. పొడిగా ఉందా, అడుగు రంధ్రాలనుంచి కారేదాకా పోయాలి. ఉదయం పూట, ఆకులు తడవకుండా మొదట్లో పోయడం మంచిది. తడి ఆకులు తెగుళ్ళకు పాన్పు పరుస్తాయి. మట్టిపై ఎండుటాకులు రెండు అంగుళాల మందాన కప్పితే తడి ఆరదు.

నీటి విషయంలో క్రమం తప్పితే కాయ దానిని చాటిచెబుతుంది. నాలుగు రోజులు ఎండగట్టి, ఐదోరోజు కుండీ నింపితే పండు చర్మం పగులుతుంది. కాయ అడుగున నల్లని, తోలువంటి మచ్చ ఏర్పడడం మరొక లక్షణం. దీన్ని చూసి చాలామంది తెగులని భ్రమించి మందు చల్లుతారు. నిజానికి అది కాయకు కాల్షియం అందని లోపం. మట్టిలో కాల్షియం ఉన్నా, దాన్ని కాయదాకా మోసుకుపోయేది నీరే. ఆ ప్రవాహం తెగుతూ ఉంటే చివరనున్న కాయ అడుగుభాగం ఆకలితో నల్లబడుతుంది. దానికి తగిన మందు క్రమబద్ధమైన తడి. గుడ్డుపెంకుల పొడి కరిగి అందడానికి నెలలు పడుతుంది కనుక, దాన్ని మట్టి కలిపేటప్పుడే వేయాలి.

సురపాలుని వృక్షాయుర్వేదం వంటి సంస్కృత గ్రంథాలు 'కునపజలం' అనే ద్రవ ఎరువును ప్రస్తావించాయి. మొక్కకు ఆహారాన్ని నీటిలో కరిగించి ఇవ్వవచ్చునని మన పూర్వులు ఎరుగుదురన్నమాట. నేడు మనం వేరుశనగ చెక్కను నాలుగైదు రోజులు నానబెట్టి, ఆ ద్రవాన్ని పదింతల నీటిలో పలుచబరచి పదిహేను రోజులకొకసారి పోయవచ్చు. లేదా గుప్పెడు వర్మికంపోస్టు పైమట్టిలో కలపవచ్చు. ఎదిగే దశలో నత్రజని, పూత వచ్చాక పొటాష్ మొక్కకు ఎక్కువ కావాలి. నత్రజని అతిగా అందిన మొక్క ముదురాకుపచ్చని ఆకులతో మిసమిసలాడుతుంది గాని పూయదు. పుష్కలంగా తినిపించడమే పోషణ కాదని ఈ మొక్క మనకు నేర్పుతుంది.

పూత, పరాగసంపర్కం

మొక్కకు రోజుకు కనీసం ఆరుగంటల ఎండ తగిలితే, నాటిన నెలరోజులకు పసుపుపచ్చని పూగుత్తులు కనిపిస్తాయి. టమాటా పువ్వు ఆడ, మగ భాగాలు రెండూ గల ద్విలింగ పుష్పం. తన పుప్పొడితో తానే పిందె కట్టగలదు. కాని ఆ పుప్పొడి శంఖువు ఆకారంలో మూసుకున్న కేసరాల లోపల దాగి ఉంటుంది. పువ్వు కదిలితేనే రాలుతుంది. పొలంలో గాలి ఈ పని చేస్తుంది. కొన్ని జాతుల తుమ్మెదలు పువ్వును పట్టుకొని రెక్కల కండరాలతో ఝుమ్మని కంపింపజేసి పుప్పొడిని రాల్చుకుంటాయి. తేనెటీగలకు ఈ విద్య లేదు. గాలి చొరని వసారాలో మనమే తుమ్మెద కావాలి. ఉదయం తొమ్మిది, పదకొండు గంటల నడుమ పూగుత్తి కాడను వేలితో మెల్లగా తట్టితే చాలు.

చీడపీడలు

మిద్దె ఎంత ఎత్తున ఉన్నా చీడపీడలకు దారి తెలుసు. అన్నిటిలోకీ ప్రమాదకరమైనది తెల్లదోమ. అది పీల్చే రసం కన్నా, మోసుకొచ్చే ఆకుముడత వైరస్ వల్ల కలిగే హాని ఎక్కువ. లేత ఆకులు దొన్నెలవలె ముడుచుకొని, పసుపుబారి, మొక్క గిడసబారుతుంది. ఈ తెగులు సోకిన మొక్కకు చికిత్స లేదు. ఇతర మొక్కల క్షేమం కోసం దాన్ని పెరికివేయడమే దారి. ముందుజాగ్రత్తగా పసుపురంగు జిగురు అట్టలు వేలాడదీస్తే తెల్లదోమలు వాటికి అంటుకుంటాయి. లీటరు నీటిలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బుద్రావణం కలిపి, సాయంకాలం ఆకుల అడుగుభాగం తడిచేటట్లు వారానికొకసారి పిచికారీ చేయాలి. శనగపచ్చ పురుగు కాయకు బెజ్జం పెట్టి లోపల చేరుతుంది. తోడుగా బంతిమొక్క పెంచితే ఆ పురుగు తల్లి బంతిపూలవైపు మొగ్గి గుడ్లు పెడుతుంది. రైతులు దీనినే ఎరపంట అంటారు. నాలుగైదు కుండీల ఇంట్లో అన్నిటికన్నా గొప్ప మందు మన కన్ను. రోజూ ఆకు తిప్పి చూసేవాని మొక్కను పురుగు అంత సులువుగా జయించలేదు.

ఒక పంట ముగిసిన మట్టిలో మరుసటి పంటగా మళ్ళీ టమాటాను గాని, వంగ, మిరపలను గాని వేయరాదు. దాయాదులందరికీ శత్రువులొక్కరే. ఆ కుండీలో ఆకుకూరనో, చిక్కుడునో వేసి, ఎరువు కలిపి మట్టికి విశ్రాంతినివ్వాలి.

కోత, విత్తన సేకరణ

నాటిన అరవై నుంచి డెబ్బై ఐదు రోజులకు తొలిపండు చేతికందుతుంది. కాయ అడుగున గులాబీరంగు చారిక కనిపించినప్పుడే కోసినా ఇంట్లో పండుతుంది. ఇథిలీన్ అనే వాయువును తానే పుట్టించుకొని పండే స్వభావం దానికుంది. పక్షులు, ఉడుతలు తిరిగే చోట అలా కోయడమే క్షేమం. పండిన టమాటాను శీతలయంత్రంలో పెడితే పరిమళం తగ్గుతుంది. వంటింటి గూట్లో గాలి తగిలేటట్లు ఉంచితే రుచి నిలుస్తుంది. శ్రద్ధగా చూసుకున్న కుండీమొక్క ఒకటిన్నర నుంచి మూడు కిలోల వరకు కాయవచ్చు.

సంకర రకం కాని మొక్కనుంచి విత్తనం దాచుకోవచ్చు. బాగా మాగిన పండు గుజ్జును గాజుపాత్రలో రెండు మూడు రోజులు పులియనిస్తే గింజచుట్టూ ఉన్న జిగట విడిపోతుంది. కడిగి, నీడలో ఆరబెట్టి, కాగితపు పొట్లంలో భద్రపరచాలి. సంకర రకాల విత్తనం వేస్తే తల్లి గుణాలు పిల్లకు యథాతథంగా రావు.

ఒక కుండీ నేర్పే పాఠం

ఇంత శ్రమపడి పండించిన రెండు కిలోల టమాటా వల్ల ఇంటి ఖర్చు తగ్గుతుందా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. సమాధానం నిజాయితీగా చెప్పాలి. కుండీ, మట్టి, ఎరువు, విత్తనాల ఖర్చు లెక్కిస్తే తొలి ఏడాది పండిన పండ్ల విలువ దానికి సరిపోకపోవచ్చు. మిద్దెతోటలు నగరాల ఆకలి తీరుస్తాయనడం అతిశయోక్తి. మరి దేనికోసం ఈ ప్రయాస?

2023 జులైలో కిలో టమాటా వంద రూపాయలు దాటింది. వినియోగదారులు గగ్గోలు పెట్టారు. పత్రికలు పతాకశీర్షికలలో ప్రచురించాయి. అదే సంవత్సరం సెప్టెంబరు నాటికి కర్నూలు ప్రాంతంలో కిలో పది రూపాయలైనా పలకక, కోతకూలి, బండికిరాయి గిట్టక రైతులు పండ్లను రహదారి పక్కన పారబోశారు. మదనపల్లె, పత్తికొండ విపణులను ఎరిగినవారికి ఈ ఎగుడుదిగుడులు కొత్త కావు. టమాటా నిలువ ఉండని సరుకు. ధర బాగున్నప్పుడు అందరూ ఒక్కమారు నాటుతారు. మూడు నెలలకు అందరి పంటా ఒక్కమారు విపణికి చేరుతుంది. ధర కుప్పకూలుతుంది. మిగిలిన సరుకును గుజ్జుగా మార్చి నిలువచేసే కర్మాగారాలు, శీతల గిడ్డంగులు చాలినన్ని లేకపోవడం ఈ దురవస్థను పెంచుతున్నది.

ధర పెరిగిన రోజున మనం మాట్లాడతాం. పడిపోయిన రోజున మౌనం వహిస్తాం. ఒక్క కుండీలో ఒక్క మొక్కను నాలుగు నెలలు సాకిన విద్యార్థి మాత్రం ఆ మౌనం పాటించలేడు. తెల్లదోమ ఒక్క వారంలో చేసే చెరుపు అతనికి తెలుసు. ఒక ఎండరోజు నీరు పోయడం మరిస్తే కాయ అడుగు నల్లబడుతుందని తెలుసు. తన వద్ద నష్టపోయినది ఒక్క మొక్క. రైతు వద్ద ఎకరానికి వేల మొక్కలు. తన మొక్క ఎండితే విచారం. రైతు పంట ఎండితే అప్పు. ఆ తారతమ్యాన్ని గ్రహించినప్పుడే, పది రూపాయల దగ్గర బేరమాడే నోరు ఒక్క క్షణం ఆగుతుంది.

'పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు' అని సామెత. దగ్గరున్నదాని విలువ మనకు తెలియదని దాని భావం. దూరానున్న పొలం విలువ తెలియడానికి మాత్రం ఈ పెరటి చెట్టే పనికివస్తుంది. కావున విద్యార్థులారా! వచ్చే హస్త కార్తెకు ఒక పాత బకెట్టు వెదకండి. గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకోండి. పండిన తొలి టమాటాను కోసేటప్పుడు దాని బరువును వేళ్ళతో తూచి చూడండి. అది ఎన్ని గ్రాములో త్రాసు చెబుతుంది. అందులో ఎంత శ్రమ ఉందో మీ చేతులే చెబుతాయి.

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. కుండీలో టమాటా మొక్కను పెంచే విధానాన్ని విత్తనం మొదలు కోత వరకు వివరించండి.
2. ఒక కుండీ నేర్పే పాఠం ఏమిటో పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. ప్రాచీన తెలుగు కావ్యాలలోని భోజనవర్ణనలలో టమాటా కనిపించకపోవడానికి కారణమేమిటి?
2. కాయ అడుగున నల్లమచ్చ ఎందుకు ఏర్పడుతుంది? నివారణ ఏమిటి?
3. టమాటా ధరల ఎగుడుదిగుడులకు గల కారణాలు తెలపండి.

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. టమాటా పుట్టినిల్లు ఏది?
2. ఆకుముడత వైరస్‌ను వ్యాపింపజేసే పురుగు ఏది?
3. ఎరపంటగా ఉపయోగపడే పూలమొక్క ఏది?

ఈ. వ్యాకరణం

1. కింది పదాలను విడదీసి సంధి పేరు తెలపండి: విద్యార్థి, అత్యవసరం, పుట్టినిల్లు.
2. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాయండి: చీడపీడలు, ఎర్రమట్టి, భోజనవర్ణనలు.

ఉ. కృత్యం

మీ ప్రాంతంలో కూరగాయలు పండించే ఒక రైతును కలిసి, ఒక పంటకు ఆయన పెట్టిన ఖర్చు, పడిన శ్రమ, పొందిన ధర తెలుసుకొని ఒక పుటకు మించకుండా నివేదిక రాయండి.